పచ్చా, ఆకా

మా షెడ్డు ముందు టాక్సీ ఆగి అందులోంచి తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ దిగుతుంటే, ఎవరో దారి తప్పి వచ్చారనుకున్నాను. మస్కట్ పక్కన మబేలాలో పడవ ఇంజిన్లు బాగుచేసే ఈ సందులోకి ఆడవాళ్ళు రారు. ఎప్పుడైనా వచ్చినా కారులోంచి దిగరు. ఆవిడ దిగి, చెప్పులో దూరిన ఇసుక దులుపుకుని, నా వైపు చూసి, "ఏంటి రత్నం, ఇలా చిక్కిపోయేవు" అంది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ గొంతు మారలేదు. నేను చిక్కిపోలేదు. పొట్ట పెరిగింది, జుట్టు ఊడింది. సువార్త పిన్నికి ఎదుటి మనిషి ఎప్పుడూ చిక్కిపోయినట్టే కనిపిస్తాడు. ఆవిడ చేతి అన్నం రెండేళ్ళు తిన్నాను. అందుకేనేమో ఆవిణ్ణి చూడగానే నాలో ముందు ఆకలి కదిలింది, కోపం తర్వాత వచ్చింది. ఆ వరసకు నాకే సిగ్గేసింది.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. ఆవిడ భర్త దైవప్రసాదం బాబాయ్ సొంత బాబాయీ కాదు. మాది ఉప్పాడ దగ్గర, వాళ్ళది నరసాపురం పక్కన. ఇక్కడ మనవైపు మనిషి అయితే చాలు, చుట్టరికం దానంతటదే కలుస్తుంది. నేను ఒమాన్ తీరాన సూర్‌లో దిగేసరికి నాకు ఇరవై ఏడేళ్ళు. కాకినాడలో బోటు ఇంజిన్ల దగ్గర ఆరేళ్ళు చేసిన పనివాణ్ణి. అయినా వీసాలో మాత్రం హెల్పర్ అని రాసి ఉంది. షెడ్డు యజమానిని, అంటే అర్బాబ్‌ను, కలవడానికి వెళ్ళిన మొదటిరోజే, ఆ షెడ్డులో పెద్ద మెకానిక్ అయిన బాబాయ్ నా సంచీ అందుకుని, ఇక్కడ రూమ్ ఎందుకురా, మా ఇంట్లో ముందు గది ఖాళీగా ఉంది అన్నాడు. అప్పటికాయనకు నలభై అయిదు దాటాయి. పిల్లలు లేరు. పిన్ని ఆస్పత్రిలో నర్సు.

ఆ ఇల్లు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వాసనలుగానే గుర్తొస్తుంది. డ్యూటీ నుంచి వచ్చిన పిన్ని ముందు మోచేతుల దాకా మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కునేది. వంటింట్లోకి డెటాల్ వాసన వచ్చిందంటే ఇంకో పావుగంటలో పోపు వాసన వస్తుందని లెక్క. చింతపండు అయిపోయినప్పుడు పప్పులో ఇక్కడి ఎండు నిమ్మకాయ, నల్లగా గవ్వలా గట్టిపడినది, చితగ్గొట్టి వేసేది. మొదట్లో నాకది మందు వాసన కొట్టేది. తర్వాత తర్వాత అది లేని పప్పు పప్పే కాదనిపించింది. సాయంత్రం పక్కింటి ఒమానీ ముసలమ్మ లుబాన్ అనే ఇక్కడి సాంబ్రాణి పొగ వేసేది. మా ఎండురొయ్యల వేపుడు వాసనకే ఆవిడ వేస్తోందని బాబాయ్ నవ్వేవాడు. శుక్రవారం పొద్దున్న ముందు గదిలోంచి నా పరుపు తీసేసి చాపలు పరిచేవాళ్ళు. ఆస్పత్రి నర్సులు, ఇళ్ళల్లో పనిచేసే కడపవైపు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ప్రార్థనకు వచ్చేవాళ్ళు. వాక్యం చదవడం నా వంతు, వివరించడం బాబాయ్ వంతు. నిజం పలకడం గురించి ఆయన బాగా చెప్పేవాడు.

బాబాయ్‌కి కొన్ని అలవాట్లుండేవి. అన్నీ తెల్ల చొక్కాలే. వాటిని కూడా పిన్నే కొనేది. కళ్ళజోడు రోజుకు పదిసార్లు తుడిచేవాడు. బజారులో అరటిపళ్ళు కొనేటప్పుడు చూసేవాడు కాదు, ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసేవాడు. అంగడివాడు తిట్టుకునేవాడు. "పండుని కంటితో కొనకూడదురా అబ్బాయ్, వేలితో కొనాలి" అని నాకు చెప్పేవాడు. అదేదో పెద్ద జ్ఞానమనుకుని నేను కూడా కొన్నాళ్ళు వేలితో నొక్కుతూ తిరిగాను.

పనిలో కూడా ఆయన తీరు అదే. చెవితో, వేలితో చేసేవాడు. ఇంజిన్ చప్పుడు విని, ఏ సిలిండర్ తిండి తినట్లేదో చెప్పేవాడు. వైర్ల విషయం వస్తే మాత్రం మొదటి వారంలోనే నాకో నియమం పెట్టాడు. మన తెలుగుతో ఒక చిక్కుంది. కామెర్లొచ్చినవాడి కళ్ళూ పచ్చే, గడ్డీ పచ్చే, రైలుకి ఊపే జెండా కూడా పచ్చే. పసుపునీ ఆకుపచ్చనీ ఒకే మాటతో కట్టేశారు మనవాళ్ళు. మాగాణికీ పెళ్ళికూతురి చెంపలకీ అది సరిపోతుంది కానీ, కరెంటు వైర్లకు సరిపోదు. అందుకని బాబాయ్ చెప్పింది ఇది: మన షెడ్డులో పచ్చంటే పసుపు, ఆకంటే ఆకుపచ్చ, మూడో మాట లేదు. ఆ తర్వాత రోజూ పరీక్షే. రంగు గీతలున్న పటం నా ముందు పెట్టి, "ఈ గీత పచ్చా, ఆకా?" అని అడిగేవాడు. వైరు చివర పట్టుకుని, ఇది పచ్చా, ఆకా, చెప్పు చూద్దాం అనేవాడు. నేను ఠక్కున చెబితే, బాగానే పట్టుకున్నావురా అని వీపు తట్టేవాడు. కన్నతండ్రి నాకు అంత ఓపిగ్గా ఏదీ నేర్పలేదని ఊరికి ఉత్తరం కూడా రాశాను.

మా అర్బాబ్ తాతముత్తాతలు తెరచాప ఓడలు కట్టిన వంశం వాడు. ఆయన దగ్గరకు ఒకరోజు అమెరికా నమూనా చేపలవేట పడవ ఒకటి వచ్చింది. ఎవరో తెల్లదొర దేశం వదిలి పోతూ ఇచ్చి వెళ్ళాడట. పల్చగా, మెరుపుల రంగుతో, ముందు భాగంలో మంగలి కుర్చీ లాంటి సీటుతో ఉంది. మా ఉప్పాడలో అయితే దాన్ని పడవ అనరు. ముక్కు దగ్గర మడతపెట్టే చిన్న ఎలక్ట్రిక్ మోటరు ఉంది. చేపల్ని బెదరగొట్టకుండా మెల్లగా కదలడానికి అది. వెనకాల పెద్ద ఇంజిన్. మీట నొక్కితే ఆ ఇంజిన్ మొత్తం పైకి లేస్తుంది, మళ్ళీ నొక్కితే నీళ్ళలోకి దిగుతుంది. ఈ పడవకు రెండు రోగాలు. ముందు మోటరు పావుగంట తిరిగి నీరసపడిపోతోంది. వెనక ఇంజిన్ లేస్తోంది కానీ దిగడం లేదు.

నాకు ఆ పడవ మీద ఎందుకంత ఆశో చెప్పాలి. సలాలా రేవులో ఒక పడవల షెడ్డు వాళ్ళు నన్ను మెకానిక్‌గా తీసుకుంటామన్నారు. వీసాలోనే మెకానిక్ అని రాస్తామన్నారు. ఆ రోజుల్లో పాత యజమాని సంతకం పెట్టిన కాగితం లేకుండా ఇంకోచోట చేరడానికి లేదు. కాదని వెళ్ళిపోతే రెండేళ్ళ దాకా ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అర్బాబ్ మంచివాడే. ఆ పడవ బాగై వేటకు కదిలిన రోజు సంతకం పెడతానన్నాడు. బాబాయే దగ్గరుండి ఆ మాట నాకు తెలుగులో చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం పాలిపోయింది. నన్ను వదులుకోలేక అనుకున్నాను.

ముందు మోటరు సంగతి రెండు రోజుల్లో తేలింది. రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఇరవై నాలుగు వోల్టులిస్తున్నారు. మీటర్ పెడితే బ్యాటరీల దగ్గర నిండుగా ఉంది, మోటరు దగ్గరా నిండుగానే ఉంది. నేను తల గోక్కున్నాను. "ఎద్దుని కట్టేసి చూస్తే కుంటిదో కాదో ఎలా తెలుత్తాదిరా, నడిపించి చూడు" అన్నాడు బాబాయ్. పడవను నీళ్ళలో దింపి, మోటరును పూర్తి వేగంలో తిప్పుతూ మళ్ళీ మీటర్ పెట్టాను. బ్యాటరీల దగ్గర పెద్దగా తగ్గలేదు, మోటరు దగ్గర పంతొమ్మిదికి పడిపోయింది. అంటే దారిలో ఎక్కడో దొంగ ఉన్నాడు. బాబాయ్ వైరు పొడుగునా వేళ్ళు పాకించుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగి, చెయ్యి వేసి చూడమన్నాడు. కాలిపోతోంది. పైన తొడుగు కొత్తగా ఉంది, కోసి చూస్తే లోపల రాగి ఉప్పు తిని నల్లటి పొడి అయిపోయింది. ఆ వేళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు. ఇవాళ్టికీ అనిపిస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మర్నాడు గురువారం. వెనక ఇంజిన్ పని పట్టుకున్నాం. దాన్ని లేపేదీ దించేదీ ఒకటే మోటరు. కరెంటు ఒకవైపు నుంచి వస్తే లేస్తుంది, తిరగబడితే దిగుతుంది. ఆ తిప్పడానికి రిలేలనే రెండు స్విచ్‌లు ఉంటాయి. పనిచేసే రిలేని తీసి రెండోదాని చోట పెట్టి చూశాం. అయినా దిగలేదు. అంటే రిలే మంచిదే. మీట దగ్గర నుంచి 'దించు' అని కబురు తెచ్చే సన్నటి వైరు ఒకటుంటుంది. బ్యాటరీ కరెంటు తెచ్చి నేరుగా దాని కొసకు తాకించి చూడాలి. ఇంజిన్ దిగితే జబ్బు మీటలో ఉన్నట్టు. ఎప్పుడూ అయితే బాబాయ్ పటం పట్టుకొచ్చి, పచ్చా, ఆకా అని నన్నే అడిగేవాడు. ఆ రోజు నా తల ఇంజిన్ మూత కింద ఉంది, రెండు చేతులూ వైర్ల మధ్య ఉన్నాయి. పక్కన అర్బాబ్ నిలబడి తొందరపెడుతున్నాడు. తెల్లారితే ఆయన అల్లుడి స్నేహితులు వేటకు వస్తున్నారు. పొద్దుటి డ్యూటీ ముగించుకుని పిన్ని క్యారేజీ తెచ్చి, ముందు సీటు మీద కూర్చుంది. బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని, పటం తానే చూసి, "పచ్చకియ్యి" అన్నాడు.

నా వేళ్ళ మధ్య పసుపు వైరూ ఉంది, ఆకుపచ్చ వైరూ ఉంది. పసుపుది ఇంజిన్ కంప్యూటర్ డబ్బా వైపు పోతున్నట్టు కనిపించి ఒక్క క్షణం ఆగాను. పచ్చకేనా బాబాయ్ అని అడిగాను. "పచ్చంటున్నానుగా" అన్నాడు విసుగ్గా. నేనెవణ్ణి, ఆయన ముందు? తాకించాను. టిక్కుమని చిన్న చప్పుడు, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. ఇంజిన్ దిగలేదు. ఆ తర్వాత అది అసలు స్టార్టే కాలేదు. డబ్బా కాలిపోయింది. పటంలో 'దించు' గీత ఆకుపచ్చదని అప్పుడు చూశాను.

అర్బాబ్ అరవలేదు. ఏం జరిగిందని బాబాయ్‌ని అడిగాడు. బాబాయ్ అరబీలో గబగబా చెప్పాడు. నాకు అప్పటికి అరబీ రాదు కానీ, వైర్ల పనివాణ్ణి కాబట్టి రంగులు మాత్రం వచ్చు. అఖ్దర్ అంటే ఆకుపచ్చ, అస్ఫర్ అంటే పసుపు. అఖ్దర్ అన్నప్పుడు బాబాయ్ తన గుండె మీద చెయ్యేసుకున్నాడు. అస్ఫర్ అన్నప్పుడు నన్ను చూపించాడు. తాను ఆకుపచ్చ అంటే నేను పసుపుకిచ్చానని చెబుతున్నాడు. మన లెక్కలో పచ్చంటే పసుపు కదా బాబాయ్, నువ్వే కదా పెట్టావు అన్నాను. ఆయన నా వైపు కాకుండా అర్బాబ్ వైపు చూస్తూ నవ్వాడు. "పచ్చంటే ఏ ఊళ్ళో పసుపురా? రైలుకి పచ్చజెండా పసుప్పచ్చగా ఉంటాదా?" అన్నాడు.

అర్బాబ్ పిన్ని వైపు తిరిగాడు. ఆయన తల్లి ఆఖరి రోజుల్లో పిన్నే చేతులమీద పెట్టుకుని చూసింది. ఆవిడ మాటంటే ఆయనకు గురి. బాబాయ్‌ని చూపించి ఏదో అడిగాడు, ఈయన ఏమన్నాడో నువ్వు విన్నావా అనే అయ్యుంటుంది. పిన్ని ఒళ్ళో క్యారేజీ గట్టిగా పట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం తింటూ మేం పచ్చా ఆకా అనుకుంటుంటే వింటూనే ఉంది. ఒకసారి ఎండుమిరపకాయలూ పచ్చిమిరపకాయలూ ముందు పెట్టి, వీటికేం పేర్లు పెట్టేరు మీ షెడ్డులో అని మమ్మల్ని ఆటపట్టించింది కూడా. ఆవిడకు తెలియనిది కాదు. పిన్ని తల దించుకుని, "అఖ్దర్" అంది.

అంతే. సంతకం లేదు. వారం రోజుల్లో వీసా రద్దు చేసి పంపించేశాడు అర్బాబ్. నేను వెళ్ళే పొద్దున్న బాబాయ్ మొహం చాటేశాడు. పిన్ని టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది. విసిరి కొడదామనుకున్నాను. మస్కట్ బస్సులో ఆకలేసి తినేశాను. పప్పు ఎప్పటిలాగే రుచిగా ఉంది, దాంతో నా కోపం ఇంకా పెరిగింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడి గురించి సామెత ఉంది. అన్నం పెట్టి మరీ గొంతు కోసేవాళ్ళ గురించి మనవాళ్ళు సామెత ఎందుకు కట్టలేదో అని దారంతా ఆలోచించాను. రెండేళ్ళు కాకినాడలో పాత బోట్ల కింద దూరాను. మళ్ళీ ఇంకో కంపెనీ మీద వచ్చేసరికి సలాలాలో నా చోటు ఎవరికో అయిపోయింది. వీసాలో మెకానిక్ అన్న మాట చూసుకోవడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇప్పుడు మా షెడ్డులో పచ్చ అన్న మాట వినపడదు. ఎల్లో, గ్రీన్ అంటారు. మలయాళీ అయినా బెంగాలీ అయినా అంతే. అనుమానమొస్తే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తారు. అరబీ రాకపోతే ఫోనే చెబుతుంది. యజమాని సంతకం బాధ కూడా పోయింది, ఒప్పందం అయిపోతే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఈ సుఖాలన్నీ ఆనాడు ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. కానీ ఆ రోజుల్లో మా ముగ్గురం ఒకే చాప మీద కూర్చుని తిన్న అన్నం మాత్రం ఈ షెడ్డులో ఎవరూ తినరు. ఎవడి డబ్బా వాడిది. దానికి కారణం నేనే. ఎవరైనా నన్ను బాబాయ్ అంటే భాయ్ అనమంటాను. ఎవరు ఏ వైరు అన్నా నేను స్వయంగా వంగి చూస్తాను. నమ్మకపోవడం నాకు పనిలో చాలా మేలు చేసింది. ఇంట్లో ఏం చేసిందో మా ఆవిణ్ణి అడగాలి.

పిన్నికి ప్లాస్టిక్ కుర్చీ వేశాను. బాబాయ్ పోయిన ఏడాది పోయాడట. ఆవిడకు రిటైర్మెంట్ వచ్చింది, ఇక ఊరికి వెళ్ళిపోతోంది. నా ఆచూకీ ఆస్పత్రిలో ఎవరో చెప్పారట. నీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, ఏ ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. బాబాయ్‌కి పుట్టుకతోనే కొన్ని రంగులు తెలియవట. పసుపూ ఆకుపచ్చా ఆయనకు ఒకటేనట. పెళ్ళయిన కొత్తలో, తాను కట్టుకున్న చీర రంగు చెప్పమని సరదాగా అడిగితే బయటపడిందట. అర్బాబ్‌కి తెలిస్తే పని పోతుందని ఇరవై ఏళ్ళు దాచారు. నాకంటే ముందు ఒక శ్రీలంక అతను ఉండేవాడట, అతను వెళ్ళిపోయాక నేను దొరికాను.

రోజూ నాకు పెట్టిన పరీక్షలు, వీపు తట్టడాలు, అరటిపళ్ళ జ్ఞానం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన నాకు పాఠం చెబుతున్నాడనుకున్నాను. ఆయన నా కళ్ళతో పటం చదువుకుంటున్నాడు. సంతకం పోయినందుకు ఇన్నేళ్ళు బాధపడ్డాను కానీ, ఆ దెబ్బ దీనికంటే చిన్నది. ఇంతకాలం ఒక్కటే మిగుల్చుకున్నాను, ఆఖర్న మోసం చేసినా గురువు గురువే అని. ఇప్పుడావిడ అది కూడా తీసుకుపోయింది.

"నేను అబద్ధం ఆడలేదని నాకు నేనే చెప్పుకునేదాన్ని" అంది పిన్ని. "పచ్చంటే అఖ్దరే కదా, ఎవుర్నడిగినా అదే చెప్తారు కదా అని. ప్రార్థనలో కూడా దేవుడికి అలాగే చెప్పేను. ఆయనకి తెలుగు రాదా ఏంటి." నా చెయ్యి పట్టుకుంది. "మమ్మల్ని మాఫీ చేసెయ్యి నాన్నా. ఆ ఒక్కమాటా అనిపించుకుని ఎల్దామని వచ్చేను."

క్షమించమని అనలేదు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో హిందీ, ఉర్దూ మాట్లాడి మాట్లాడి ఆవిడ నోట ఆ మాటే వచ్చింది. నేనేమో ఆవిడ చేతివంక చూస్తూ, "మాఫీ" అన్నాను.

ఈ దేశంలో కాలుపెట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునే అరబీ ముక్క అది. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. నీళ్ళు మాఫీ, పని మాఫీ, సెలవు మాఫీ. మన ఊళ్ళో అప్పు మాఫీ అంటే వదిలేశారని సంతోషం, ఇక్కడ అదే మాట వింటే నిరాశ. ఆవిడకు ఏది కావాలంటే అది తీసుకుని వెళ్ళిపోవచ్చు. నేను అనాల్సింది అన్నట్టూ ఉంటుంది, ఇవ్వాల్సింది ఇవ్వనట్టూ ఉంటుంది. ఎంత హాయైన మాటో. ఆ రోజు అఖ్దర్ అన్నప్పుడు పిన్నికి కూడా ఇంత హాయిగానే ఉండి ఉంటుంది.

పిన్ని నా చెయ్యి వదల్లేదు. నా మొహంలోకి చూసి, "ఏ మాఫీరా?" అని అడిగింది.

మనదే పిన్నీ అంటే సరిపోయేది. అరవై ఏళ్ళ మనిషి, భర్త పోయినావిడ, మళ్ళీ చూస్తానో లేదో. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇక్కడిదే పిన్నీ. లేదు" అన్నాను.

ఆవిడ తలూపింది. సంచీలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టి, పప్పు, చల్లారితే బాగోదు అంది. టాక్సీ వెళ్ళిపోయింది. ఆ డబ్బా సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఈసారి ఆకలేసినా మూత తియ్యలేదు.